మా యింటి పాతజీపు

పాతజీపును గూర్చి మేము వ్రాయబూనుట చూచి, వంటయింటికిని ఇనుపబండికిని పొత్తేమని సోదరీమణులు కొందరు నవ్వుకొనవచ్చును. కాని ఇంటిసొమ్ము దేనిపై వెచ్చింపబడునో దానిని గూర్చి తెలిసికొనుట గృహిణికి తగని పని యని మాకు తోచుట లేదు. మా కోటవురట్ల చుట్టుపట్ల పాతజీపులపై మోజు ఈ నడుమ హెచ్చినది. పట్టణములలో ఉద్యోగములు చేయు పిల్లలు సెలవులకు వచ్చి, లంబసింగి మంచు చూచి మరలి, అట్టి బండి యొకటి మన వాకిట నున్న బాగుండునని ఆశపడుదురు. మావారికి ఈ యాశ పిల్లలకంటె ముందే కలదు. వారు చూచివచ్చిన బండికి 2,40,000 రూపాయలు అడిగిరట. ఆ సొమ్ము మా యింట నున్న మాట నిజమే. చెరకు అమ్మగా వచ్చినది, పైకప్పు బాగుచేయించుటకై దాచినది. అందుచేత ఆ బండి జాతకము మేమును చదువవలసి వచ్చెను.

జీపు యుద్ధమునకై పుట్టిన బండి. అమెరికాలోని టొలీడో పట్టణపు విల్లీసు కంపెనీవారు 1941లో సైన్యమునకై దీనిని చేయ మొదలిడిరి. ఫోర్డు కంపెనీవారును ఆ నమూనాపైననే చేసిరి. 1942 ఏప్రిల్ 6వ తేదీన మన విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడిన నాటికి జీపులు వేలకొలదిగ వెలువడుచుండెను. యుద్ధము ముగియునప్పటికి 6,00,000కు పైగా తయారైనవి. మన దేశమున 1945లో లూధియానాలో మహీంద్రా సోదరులును గులాం మహమ్మదుగారును కలిసి పెట్టిన కంపెనీ, 1947 మొదలు విడిభాగములు తెప్పించి బొంబాయిలో జీపులు బిగింపసాగెను. గులాం మహమ్మదుగారు పాకిస్తానమునకు పోయి అచ్చట ఆర్థికమంత్రి కాగా, 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా ఆయెను.

ఇందులో కొనువారికి పనికివచ్చు ముచ్చట యొకటి కలదు. 1953లో విల్లీసువారు తెచ్చిన సీజే-3బి యను జీపునకు బానెట్టు ఎత్తు హెచ్చు. దాని యింజనులో గాలి పీల్చు వాల్వులు పైభాగమున అమర్చుటచే ఇంజను ఎత్తు పెరిగి, దానికి తగినట్లు బానెట్టును లేపవలసి వచ్చెను. మహీంద్రావారు చిరకాలము చేసినవి ఈ తరగతి బండ్లే. వీనినే యుద్ధకాలపు విల్లీసులని చెప్పి హెచ్చు ధర అడుగువారు కలరు. బానెట్టు ఎత్తుగ నున్నచో ఆ మాట నమ్మబనిలేదు. మావారికి చూపిన బండియు ఎత్తుబానెట్టుదే, 1974లో నమోదైనది.

మా అత్తగారు మాత్రము దాని చరిత్ర అడుగలేదు. నర్సీపట్నము మన్యమునకు వాకిలి గదా! వారి చిన్ననాట చింతపల్లి సంతకు పోవువారు ఒక్క జీపులో ముందు అయిదుగురు, వెనుక ఎందరో, బానెట్టుపై ఇద్దరు కూర్చుండి కనుమ ఎక్కుచుండిరట. "ఆ జీపే అయితే నేను ఎక్కలేనే అమ్మా, మోకాలెత్తు మెట్టు" అనిరి. ఈ మాట మేము మనసున నుంచుకొంటిమి.

వెనుక ప్రభుత్వశాఖల జీపులు వేలమునకు వచ్చెడివి. అవి అగ్గువకు దొరకెడివి. 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి పదునైదేండ్లు దాటిన ప్రభుత్వ వాహనముల నమోదు చెల్లదు, సైన్యము మొదలగు కొన్నింటికి తప్ప. అవి ముక్కలు చేయు కేంద్రములకు పోవలసినదే. కావున ఇక మిగిలినవి ఇండ్లలోని బండ్లే. వాని ధర పెరుగుటకు ఇదియు నొక కారణమని మా యూహ.

మేమును మావారితో కూడ బండి చూడబోతిమి. నిగనిగలాడు రంగు చూచి మావారు మురిసిరి. మేము కుట్టుపెట్టెలోని అయస్కాంతమును కొంగున ముడివేసికొని పోయియుంటిమి, క్రిందపడిన సూదుల నేరుదుమే, అది. రేకుపై నుంచిన అంటుకొనెను. తలుపుక్రింది భాగమునను వెనుకచక్రముల కమ్మీలచెంతను అంటుకొనక జారిపడెను. అనగా అచ్చట ఇనుము లేదు, పుట్టీ కలదు. రంగు ఎంత క్రొత్తదైన అంత జాగ్రత్త యని అప్పుడు తెలిసినది. వెంటవచ్చిన షెడ్డు మేస్త్రి నేలపై పరుండి, చాసిస్ను చిన్నసుత్తితో కొట్టుచు పోయెను. గట్టి ఇనుము కణకణ మనును. తుప్పుతినినది మట్టికుండ పగిలినట్లు పలుకును. "బాడీ రేకు మార్చుకోవచ్చమ్మా. చాసిస్ పోతే బండి పోయినట్టే" అని చెప్పెను. అదృష్టవశమున చాసిస్ గట్టిదే.

తరువాత కాగితములు. చాసిస్పై పొడిచిన సంఖ్యమీద తెల్లకాగిత ముంచి పెన్సిలుతో రుద్దిన అంకెలు తేలును; పిల్లలు రూపాయిబిళ్లమీద ఆడుకొనునట్లే. మా అమ్మాయి రుద్దగా ఆర్సీ పుస్తకములోని అంకెలతో సరిపోయెను. కాని ఆ పుస్తకము అమ్మువాని తండ్రిగారి పేరనే యున్నది. వారు గతించి ఆరేండ్లైనది. నమోదు గడువును దాటినది. ఇంటిబండికి మొదటి నమోదు పదునైదేండ్లు, ఆపై అయిదేసి యేండ్లకు బండి చూపి పొడిగించుకొనవలెను. "మొదట మీ పేరిట మార్పించుకొని, గడువు పొడిగించుకొని రండు. పిదపనే బయానా" అంటిమి. మావారికి కోపము వచ్చెను. విశాఖపట్టణమునుండి మరియొకరు చూచిపోయిరనియు, బండి చేజారుననియు రెండు దినములు మాతో సరిగ మాటలాడలేదు. పైకప్పు సొమ్ము ఒకసారి వాకిలి దాటిన మరల రాదు. పేరు మారని బండి వాకిట నుండియు మనది కాదు. మేము మాట మార్చలేదు. ఆ వచ్చినవారు ఆ కాగితములే చూచి వెనుకకు పోయిరి. రెండున్నర నెలలకు పుస్తకము సరియై, బండి 1,85,000కు మా యింటికి వచ్చెను.

బాగుచేయుటలో మరల వాదము. మావారికి మొదట రంగు కావలెను, అదియు సైన్యపు ఆకుపచ్చ. మోటారు నియమముల ననుసరించి ఆలివ్ ఆకుపచ్చ రంగు రక్షణశాఖ వాహనములకు దక్క ఇతరులకు కూడదు. వెడల్పు టైర్లు వేయింతు మనిరి. నమోదులో వ్రాసిన లక్షణములు మారునట్లు బండిని మార్చుట 1988 చట్టము ఒప్పదు. మేస్త్రి మా పక్షమే పలికెను. ఆ పాత జీపులలో బ్రేకునూనె నాలుగు చక్రములకును ఒక్క గొట్టపు దారినే పోవును. ఎచ్చట కారినను నాలుగింటికిని బ్రేకు పోయినట్లే. లంబసింగి కనుమ దిగునప్పుడు రంగు ఎవ్వరిని కాపాడును? మాస్టరు సిలిండరు, చక్రముల సిలిండర్లు, గొట్టములు, లైనర్లు అన్నియు క్రొత్తవి వేయించితిమి. పిమ్మట కమాన్లు, స్టీరింగు, వైర్లు. పుట్టీ గీకించి, క్రొత్తరేకు అతికించితిమి. కంటికి కనబడు పని ఒక్కటియు కాలేదని మావారు నిట్టూర్చిరి.

కంటికి కనబడు పని మేము చేసితిమి. సీట్లలోని చివికిన స్పంజి తీయించి కొబ్బరిపీచు కూర్పించి, మందపు గుడ్డ మేమే కుట్టితిమి. టాపుగుడ్డ మాత్రము మా మిషను సూదికి లొంగలేదు. మూడు సూదులు విరిగినపిమ్మట దానిని షెడ్డుకు పంపితిమి. అత్తగారి మాట తలచి, ఎడమవైపున బోల్టులతో బిగించు మెట్టు ఒకటియు పట్టుకొనుటకు పిడి ఒకటియు పెట్టించితిమి.

ఏబదియేండ్లు దాటి, అసలురూపున నిలిచిన బండ్లకు 2021లో వింటేజి నమోదు ఏర్పడినది. 20,000 రూపాయలు కట్టిన పదేండ్లకు నమోదు చేసి, సంఖ్యలో వీఏ యను గౌరవాక్షరములు ఇత్తురు. కాని అట్టి బండిని ప్రదర్శనలకును ర్యాలీలకును దక్క నిత్యము నడుపరాదు. మావారు ఒక రాత్రియంతయు ఆ అక్షరముల గూర్చి ఆలోచించిరి. అత్తగారిని ఆసుపత్రికి కొనిపోవుటకు పనికిరాని గౌరవ మెందుకని తుదకు తామే అనిరి. సాధారణ నమోదుననే ఉంచితిమి.

గేరుకర్ర ప్రక్కనుండు రెండు చిన్నకర్రలు ముందుచక్రములకు బలమిచ్చుటకును, మెల్లగా హెచ్చుబలముతో లాగించుటకును. తారురోడ్డుపై వానిని వేయరాదు. ముందుచక్రములకును వెనుకచక్రములకును నడక సరిపడక గేర్లు పెనుగులాడి అరుగును. ఇంతవరకు ఒక్కసారి మాత్రమే, వానలో పొలముదారిని దిగబడినప్పుడు, వానిని వాడితిమి. పైకప్పునకు మిగిలిన సొమ్ముతో సగము కప్పు వేయించితిమి. తక్కిన సగము వచ్చు చెరకుసొమ్ముతో. జీపు ఇంకను బూడిదరంగు ప్రైమరుతోనే తిరుగుచున్నది.