గ్రహణానికి ముందే తయారైన గుండె



బిడ్డ ఏదైనా లోపంతో పుడితే మన ఇళ్ళల్లో మొదట నిలదీసేది తల్లినే. "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు? గ్రహణం నాడు ఏం చేశావు?" అంటారు. పెదవి చీలి పుడితే దానికి గ్రహణం మొర్రి అని పేరే పెట్టుకున్నాం. ఒక బయాలజీ టీచర్‌గా ఈ నెల ఆ ప్రశ్నకు జవాబు రాస్తున్నాను.

మా తమ్ముడు గుండెలో రంధ్రంతో పుట్టాడు. 2009లో, వాడు మూడో తరగతిలో ఉండగా, ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్‌లో ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. వాడి ఛాతీ మీద కోత మానింది కానీ, అమ్మ మీద పడ్డ నింద మానలేదు. అమ్మ కడుపుతో ఉండగా ఒక రాత్రి చంద్రగ్రహణం పట్టింది. కదలకుండా పడుకోమంటే దాహానికి లేచి మంచినీళ్ళు తాగింది. "ఆ గుక్కెడు నీళ్ళే పిల్లాడి గుండెకు చిల్లు పెట్టాయి" అనేది మా నాయనమ్మ. అమ్మ కూడా నమ్మేసింది.

అప్పటికి అమ్మకు ఏడో నెల. మరి గుండె తయారయ్యేది ఎప్పుడు?

గర్భం నిలిచిన మూడు వారాలకు గుండె ఒక చిన్న గొట్టంలా ఉంటుంది. సుమారు 22వ రోజున కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటికి దానికి లోపలి పొర, కండర పొర ఉంటాయి కానీ పైపొర ఉండదు. గుండె చుట్టూ రెండు పొరల సంచి ఉంటుందని పిల్లలకు క్లాసులో ఒక్క మాటలో చెప్పేస్తాం. ఆ రెండింటిలో గుండెకు అంటుకుని ఉండే పొర పేరు ఎపికార్డియం. అది గుండె గొట్టంలో నుంచి పుట్టదు. గుండెకు దిగువన, కాలేయం ఏర్పడే చోటికి దగ్గరగా, కాలీఫ్లవర్ పువ్వులాంటి చిన్న కణాల గుత్తి ఒకటి తయారవుతుంది. నాలుగో వారం నుంచి ఆ కణాలు గుండె మీదికి చేరి, ఒకే కణం మందాన దాన్నంతా కప్పేస్తాయి.

కప్పడంతో వాటి పని అయిపోదు. కొన్ని కణాలు పొరను విడిచి కండరంలోకి దిగుతాయి. గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనుల గోడల్లోని కండర కణాలు చాలావరకు వీటి నుంచే వస్తాయి. కండరాన్ని పట్టి ఉంచే కణాలు కూడా వీటి నుంచే ఎక్కువగా ఏర్పడతాయి. పైన మిగిలినవి రసాయన సంకేతాలు పంపి కండరాన్ని మందంగా ఎదగమంటాయి. శాస్త్రవేత్తలు కోడి పిండాల్లో ఈ కణాలు గుండెను చేరకుండా అడ్డం పెట్టి చూశారు. అడ్డంగా పెట్టింది గుడ్డు పెంకు లోపల మనం చూసే తెల్లటి పొర ముక్కే. ఆ గుండెల్లో కండరం పలచగా ఉండిపోయింది, రక్తనాళాలు సరిగా ఏర్పడలేదు.

మా తమ్ముడి రంధ్రం ఈ పొర వల్లే వచ్చిందని నేను చెప్పడం లేదు. రంధ్రం అంటే గుండె గదుల మధ్య గోడ పూర్తిగా మూసుకోకపోవడం. అయితే ఆ గోడలు కట్టే పని కూడా ఈ పొర వచ్చే రోజుల్లోనే మొదలై, ఎనిమిది వారాలకల్లా దాదాపు పూర్తవుతుంది. అంటే మూడో నెల నిండకముందే. ఏడో నెలలో తాగిన మంచినీళ్ళు ఎప్పుడో కట్టేసిన గోడకు చిల్లు పెట్టలేవు.

ఇదంతా అమ్మకు నెలలు లెక్కపెట్టి చెప్పాను. రాట్నం దగ్గర కండెలు చుడుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "అయితే ఆ నీళ్ళకీ దీనికీ ఏం సంబంధం లేదంటావా?" అని రెండుసార్లు అడిగింది.

పుట్టే ప్రతి వెయ్యి మందిలో సుమారు 8 మంది పిల్లలకు గుండె లోపం ఉంటుంది. ఎక్కువమందిలో ఇదీ అని ఒక్క కారణం చూపించలేరు. అలాగని మన చేతిలో ఏమీ లేదని కాదు. నెల తప్పిందని తెలిసి డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికే బిడ్డ గుండె కొట్టుకుంటూ ఉండవచ్చు. అందుకే జాగ్రత్త గర్భానికి ముందే మొదలవ్వాలి. షుగర్ ఉంటే ముందే అదుపులో పెట్టుకోవాలి. రుబెల్లా టీకా ముందే వేయించుకోవాలి. సొంతంగా మందులు వాడకూడదు. ముఖ్యంగా మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ బిళ్ళలు గర్భంలోని బిడ్డ గుండెను దెబ్బతీస్తాయి. మేనరికం సంబంధమైతే డాక్టర్‌కు ఆ మాట తప్పక చెప్పండి.

మీ బిడ్డ కాస్త ఆడుకోగానే ఆయాసపడుతున్నా, బరువు పెరగకపోయినా, పెదవులు నీలంగా మారినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఆపరేషన్ అంటే ఖర్చుకు భయపడకండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి. తిరుపతిలో 2021 నుంచి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం పనిచేస్తోంది.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటి నింద మోస్తున్న తల్లి ఉంటే, దయచేసి ఈ పేజీ ఆమెకు చదివి వినిపించండి.

మీ బయాలజీ టీచర్,
వేటపాలెం బ్రాంచి