చప్పుడు చెయ్యని దీపం

దీపాన్ని ఎవరైనా కంటితో చూసి కొంటారు. చెవితో విని కొనవలసిన అగత్యం మా ఇంటికి వచ్చింది. ఎందుకు వచ్చిందో చెబితే మీరు నవ్వుతారేమో గాని, నవ్వినా సరే, కాస్త వినండి.

మా అత్తయ్యకు డెబ్బై ఎనిమిదేళ్లు. సూర్యాపేట దగ్గర పల్లెలో పుట్టి, ఆ పక్క పల్లెలోనే మెట్టి, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా దగ్గర ఉంటున్నారు. ఆవిడకు వచ్చినన్ని బతుకమ్మ పాటలు నేనెరిగిన వారిలో మరెవరికీ రావు. అవి ఏ కాగితం మీదా లేవు. ఆవిడ చదువుకోలేదు, రాసిపెట్టిన వాళ్లూ లేరు. నేనేమో తెలుగులో ఎం.ఏ. చేసి కాలేజీలో పాఠాలు చెప్పుకునేదాన్ని. జానపద గేయాల మీద బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియాలో చేసిన పరిశోధన గురించి క్లాసులో గంటసేపు చెబుతాను. అయితే పుస్తకంలో మాట దొరుకుతుంది గాని వరుస దొరకదు. చప్పట్లు ఎక్కడ పడతాయో, ఏ మాట దగ్గర గొంతు సాగుతుందో అచ్చులో ఎలా వస్తుంది?

కిందటేడు ఆవిడకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను చేయించాం. ఒకనాడు చిక్కుడుకాయలు ఒలుస్తూ పాట అందుకున్నారు. మధ్యలో ఆగి, "తర్వాతిది యాదికొస్తలేదు బిడ్డా" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి లేచి వెనక గది ఖాళీ చేయించాను. పది అడుగులకు పదకొండు అడుగుల గది. గోడలకు పాత బొంతలు వేలాడదీశాం. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాం. మైకు ఒకటి కొన్నాం. దాని సంగతి చెప్పను, అది బుద్ధిమంతురాలు. తిప్పలన్నీ దీపంతోనే వచ్చాయి.

ఆ గదిలో ఉన్నది పాతకాలపు చోకు ట్యూబులైటు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఊగినప్పుడల్లా చోకులోని ఇనుప రేకులు రెండేసి సార్లు అదురుతాయి, అంటే సెకనుకు 100 సార్లన్న మాట. ఆ అదురే మనకు వినబడే గుయ్యి. పగటిపూట మా రోడ్డు మీది బస్సుల హోరులో అది ఎవరికీ వినబడదు. తలుపులు బిగించి, బొంతలు కట్టి, మైకు ముందు కూర్చుంటే మాత్రం గదిలో తుమ్మెద దూరినట్టే. అత్తయ్య రెండు చరణాలు పాడి ఆగారు.

"అది గుయ్యిమంటాంది గదా, నేను దాని శ్రుతిలనే పాడాల్నా?"

సంగీతం నేర్చిన మనిషి కాదు గాని ఎంత బాగా పట్టుకున్నారో చూడండి. తరువాత విని చూస్తే ఆవిడ గొంతు ఆ గుయ్యి వైపే జారుతున్నట్టు తోచింది నాకు.

మావారు ఊరుకుంటారా? ఆ సాయంత్రమే సెల్‌ఫోను దుకాణం నుంచి రింగు లైటు ఒకటి పట్టుకొచ్చారు. దానికి చప్పుడు లేదు, నిజమే. కాని అత్తయ్య కళ్లజోడులో రెండు తెల్లటి సున్నాలు వెలిశాయి. పైగా శుక్లం తీసిన కళ్లు కొందరికి వెలుతురును ఓర్చుకోలేవు; ఆవిడ ఆ కొందరిలో ఒకరు. "పోలీసోల్ల లెక్క మొకంమీద లైటేసి పాడుమంటే పదమెట్ల యాదికొస్తది?" అన్నారు. మావారు ఆ లైటును తీసుకెళ్లి మా అబ్బాయి గదిలో పెట్టారు. వాడు దాని ముందు చదువుతున్నాడని నాకు నమ్మకం లేదు.

ఎల్.బి.నగర్‌లో పెళ్లి వీడియోలు తీసే కుర్రవాడొకడు మాకు తెలుసు. వచ్చి చూసి మూడు ముక్కల్లో తేల్చాడు. "దీపాన్ని అమ్మమ్మ ముఖానికి కాదు మేడమ్, తెల్లగోడకు చూపించండి. డిమ్మరు జోలికి పోకండి. కొన్న ప్రతి బల్బునూ రాత్రిపూట విని చూడండి."

డిమ్మరు మీద నాకు మోజుండేది. కాని అది వెలుగు తగ్గించడానికి కరెంటు అలను మధ్యలో నరుకుతుందట. నరికిన చోటల్లా బల్బు సన్నగా చీమచిటుక్కంత చప్పుడు చేస్తుంది, ఒక్కోసారి ఆ రొద మైకు తీగలోకీ పాకుతుంది. దానికన్నా బల్బును వెనక్కు జరపడం మేలు. రెట్టింపు దూరం జరిపితే వెలుగు నాలుగోవంతు అవుతుంది. పైసా ఖర్చు లేదు.

ట్రూప్ బజారుకు వెళ్లాం. 2018లో మెట్రో వచ్చినప్పటినుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగితే సరి. దుకాణంలో బల్బు వెలిగించి నేను చెవి దగ్గర పెట్టుకుంటే దుకాణదారు మావారి వంక జాలిగా చూశాడు. ఆ బజారు రొదలో ఏం వినబడుతుంది లెండి! చప్పుడు చేస్తే వాపసు తీసుకునే ఒప్పందం మీద మూడు రకాల ఎల్.ఇ.డి.లు తెచ్చాం. రాత్రి పన్నెండు దాటాక ఒక్కొక్కదాని పక్కన ఫోను పెట్టి రికార్డు చేశాం. ఒకటి ఈలవేసింది. రెండు నోరు మెదపలేదు.

ఆ రెండింటిలో ఏది? ఇక్కడ చెవి పని అయిపోయి కంటి పని మొదలైంది. ఒకటి 6500 కెల్విన్ల తెల్లది, రెండోది 3000 కెల్విన్ల పచ్చది. తెల్లదాని కింద అత్తయ్య ఆస్పత్రిలో ఉన్నట్టు కనబడ్డారు. పైగా దానికి రంగులను ఉన్నవున్నట్టు చూపే గుణం తక్కువ. దాని కింద కుంకుమ ఇటుకపొడిలాగా ఉంది. ఆ గుణానికి నూటికి ఇన్నని అంకె ఉంటుంది, సి.ఆర్.ఐ. అంటారు. పచ్చదాని పెట్టె మీద 90 అని ఉంది. కుంకుమ కుంకుమలాగే, నేతచీర అంచు అంచులాగే కనిపించాయి. తొమ్మిది వాట్లవి రెండు తీసుకున్నాం. కిటికీకి దట్టమైన పరదా వేశాం, పగటి వెలుతురూ పచ్చదీపమూ కలిస్తే ముఖం రెండు రంగులవుతుంది గనక.

బొంతలు లేని ఒక గోడకు దీపాలు తిప్పి, అటు నుంచి వచ్చే వెలుగులో అత్తయ్యను చాప మీద కూర్చోబెట్టాను. ఆవిడ ముఖంలో ఒకవైపు వెలుగు, ఒకవైపు మసక. "ఈ పక్క చీకటిగా ఉంది, ఇంకొక లైటు పెడదాం" అన్నారు మావారు. వద్దన్నాను. వీడియో ఎలా వచ్చినా నాకు బెంగ లేదు. ఆవిడ కళ్లు చిట్లించకుండా ఉంటే చాలు.

అత్తయ్య కాసేపు గోడ వంక చూశారు. "ఇది దీపం పెట్టిన యాళ్ళ లెక్కున్నది" అని, చప్పట్లు మొదలుపెట్టారు. చిక్కుడుకాయల నాడు ఆగిన పాటే. అదే చోట మళ్లీ ఆగారు. నేను ఊపిరి బిగబట్టాను. చప్పట్లు మాత్రం ఆగలేదు. నాలుగు చప్పట్ల తరువాత మాట దానంతటదే వచ్చింది.

పాట కాగానే కొంగుతో విసురుకుంటూ, "ఫ్యానెయ్యి బిడ్డా, ఉడుకపోస్తాంది" అన్నారు. ఫ్యాను వేస్తే కిర్రుమంటుంది. ఇంకా పద్ధెనిమిది పాటలున్నాయట, పెత్రమాస నెలన్నరే ఉంది. చప్పుడు చెయ్యని ఫ్యాను ఎక్కడ దొరుకుతుందో మీలో ఎవరికైనా తెలుసా?