వడోద్‌లో ఒక జత కుందేళ్ళు

సూరత్ వడోద్‌లో మేముండేది రేకుల కప్పు వేసిన ఒంటి గది. మా ఆయనది సాంచాల పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. నేను ఇంట్లోనే చీరలకు లేసు కుడతాను, రాళ్ళు అంటిస్తాను. జగిత్యాల నుంచి వచ్చి పక్క గదిలో ఉన్నవాళ్ళు ఎండాకాలం మొదట్లో సామాను సర్దుకుని ఊరికి వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఆ అమ్మాయి ఒక పంజరం తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. "అక్కా, రెండూ ఆడివే. దుకాణంల చెప్పిచ్చిండ్రు. నీ బిడ్డ ఆడుకుంటది, ఉంచుకో" అంది.

అందులో ఒకటి పోతు. చిన్న వయసులో కుందేళ్ళ ఆడమగ తేల్చడం అలవాటు పడ్డవాళ్ళకే కష్టమట. నాలుగు నెలలు నిండేసరికి ఈడుకొస్తాయి. పెంటి కుందేలుకు ఎదకాలమంటూ ఉండదు, పోతుతో కలిశాకే అండం విడుదలవుతుంది, నెల తిరిగేసరికి ఈనుతుంది. ఇవన్నీ తర్వాత పశువుల డాక్టర్ గారు చెబితే తెలిశాయి. అప్పటికే మొదటి ఈత అయిపోయింది.

ఒకనాటి తెల్లవారుజామున పంజరం మూల తెల్లటి బొచ్చు కుప్ప కదులుతూ కనిపించింది. తల్లి తన పొట్ట మీది బొచ్చు తానే పీకి పక్క వేసుకుంది. అందులో కళ్ళు తెరవని, వెంట్రుక మొలవని ఏడు పిల్లలు. మా పాప గంతులేసింది. తల్లి వాటి దగ్గరికి పోకుండా దూరంగా కూర్చుంటే నాకు మాత్రం గుండెలో దడ. కుందేలు రోజుకు ఒకటి రెండుసార్లు, అదీ కొద్ది నిమిషాలే పాలిస్తుందని, పిల్లల పొట్టలు నిండుగా ఉంటే భయం లేదని డాక్టర్ గారు చెప్పాక ఊపిరి పీల్చుకున్నాను. పది రోజులకు కళ్ళు తెరిచాయి.

పోతును వెంటనే వేరు చేయమన్నారు. వేరు చేశాం. రెండో పంజరానికి చోటు కోసం చీరల మూటలు మంచం మీదికి ఎక్కించి మేం కింద పడుకున్నాం. కానీ కుందేలు ఈనిన రోజునే మళ్ళీ చూలు కట్టగలదు. మా తల్లి కుందేలుకు అదే జరిగింది. మొదటి పిల్లలు ఇంకా పాలు పూర్తిగా మానకముందే మళ్ళీ బొచ్చు పీకడం మొదలుపెట్టింది. ఎముకలు తేలి ఉంది అప్పటికి.

సూరత్‌లో ఎండకు తోడు గాలిలో చెమ్మ. కుందేలుకు మనలా చెమట పట్టదు, ఒంటి వేడి చాలావరకు చెవుల గుండానే పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. మా రేకుల కింద మధ్యాహ్నాలు మనుషులమే ఉండలేం. తడి గోనెపట్టాలు కట్టాను, సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి పక్కన పెట్టాను. రెండో ఈత పిల్లలు పుట్టిన కొద్ది రోజులకే, ఒక మధ్యాహ్నం తల్లి మెడ పైకెత్తి నోటితో ఊపిరి తీయసాగింది. చెవులు తడిపి, తడిగుడ్డ కప్పి ఆటో ఎక్కాను. కుందేళ్ళ వైద్యం తెలిసిన డాక్టరు నగరం ఆ చివర ఉంటారు. దారిలోనే పోయింది.

ఆ పసికూనలకు చుక్కల గొట్టంతో మేకపాలు పట్టాను. ఒక చుక్క తొందరపడినా పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి నాకినట్టు తడి దూదితో తుడిస్తేగాని మూత్రం పోయవు. దాంతో లేసు పని ఆగిపోయింది, ఆ వారం కూలీ లేదు. ఒక్కొక్కటే చల్లబడిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు. మా పాప అన్నం ముట్టలేదు.

మొదటి ఈత పిల్లల్లో ఒకటి గడ్డి తినడం మొదలుపెట్టగానే విరేచనాలతో పోయింది. మిగిలినవాటిని ఏం చేయాలి? ఖాడీ వాగు గట్టు పొదల్లో వదిలేయమన్నారొకరు. పంజరంలో పుట్టిన తెల్ల కుందేలు ఊరకుక్కల ముందు ఒక్క రాత్రి నిలవదు. ఇంకొకరు కూరకు అడిగారు. 1962కు ఫోను చేస్తే వచ్చే కరుణ అంబులెన్సు గుజరాత్‌లో 2017 నుంచి తిరుగుతోంది, కానీ అది దిక్కులేని మూగజీవాల కోసం. వీటికి దిక్కు మేమున్నాం. కొంటామన్న దుకాణాలవాళ్ళకు ఇవ్వబుద్ధి కాలేదు. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కాకుండా పెంపుడు జంతువులను అమ్మకూడదని 2018 నిబంధనలు చెబుతున్నాయి. అవి ఉన్నా, ఆడమగ చూడకుండా జతకట్టి అమ్మడం ఆగలేదు. మా గుమ్మంలోకి వచ్చిన పంజరం అలాంటిదే. చివరికి డాక్టర్ గారితో ఆడమగ తేల్పించుకుని లింబాయత్, పర్వత్ పాటియా వైపు మన తెలుగువాళ్ళ ఇళ్ళకు ఆడవాటిని ఆడవాటితోనే ఇచ్చాం. మగవి మా దగ్గరే ఉన్నాయి. పోతుకు, వాటికి ఆపరేషన్లు చేయించడానికి చీటీ పాడాం.

ఇంట్లో ఒక్కసారి పిల్లలు పెడితే చూడముచ్చటగా ఉంటుందనుకునేవాళ్ళకు నా మాట ఒక్కటే: వద్దు. పుట్టబోయే ప్రతి పిల్లకూ చల్లటి చోటు, కుందేళ్ళు తెలిసిన డాక్టరు, జీవితాంతం సాకే ఇల్లు ముందే చూపించలేనప్పుడు ఈనించడం ఆ తల్లికి చేసే అన్యాయం. మీ ఇంట్లో ఇప్పటికే జత ఉంటే ఈ రోజే వేరు చేయండి, డాక్టరుకు చూపించండి. పోతుకు ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని వారాలు దూరంగానే ఉంచండి. జ్వరమనో దగ్గనో మనుషుల అమోక్సిసిలిన్ నోట్లో పోయకండి, పేగులు పాడై ప్రాణం పోతుంది. ఒక పూటంతా మేత ముట్టకపోతే రేపటిదాకా ఆగకండి. కుందేలు కావాలనుకుంటే, ఊరు వదిలి వెళ్తూ ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డవాళ్ళ దగ్గర పెద్దవి ఉంటాయి. వాటిని తెచ్చుకోండి.