మా ఊరి జ్ఞాపకానికి ఒక బీరువా

ఫిబ్రవరిలో ఒక శనివారం. సరస్సు మీంచి వచ్చే గాలి చెవులు కోసేస్తోంది. బడిలో ఇచ్చిన పని ఉందంటే మా అమ్మాయిని తీసుకుని చికాగో దక్షిణ కొసన, హాల్‌స్టెడ్ వీధిలో ఉన్న కార్టర్ వుడ్సన్ ప్రాంతీయ గ్రంథాలయానికి వెళ్ళాను. అది నల్లజాతి చరిత్ర మాసం. లోపల సభ జరుగుతోంది, కుర్చీలన్నీ నిండిపోయాయి. ఒకాయన పాత ఫొటోలు తెర మీద చూపిస్తూ ఏ వీధిలో ఏ కొట్టు ఉండేదో, ఏ చర్చిలో ఎవరు పాడేవారో చెబుతున్నాడు. ముందు వరసల్లో కూర్చున్న ముసలివాళ్ళు మధ్యమధ్యలో అందుకుంటున్నారు. "ఆ చివర నిలబడ్డది మా మేనత్త" అని ఒకావిడ. "ఆ కొట్టు మూల మీద కాదు, రెండిళ్ళ అవతల" అని ఒకాయన. చెప్పే మనిషి ఆగి, అవన్నీ రాసుకుంటున్నాడు.

నా పక్కన కూర్చున్న పెద్దావిడకి డెబ్బై దాటి ఉంటాయి. వాళ్ళమ్మ మిసిసిపీ నుంచి రైల్లో ఇక్కడికి వచ్చిందట. "మీదే ఊరు?" అని అడిగింది. కృష్ణా నదికి దగ్గర్లో జగ్గయ్యపేట అని చెప్పాను. "ఆ చుట్టుపక్కల పుట్టిన గొప్పవాళ్ళెవరు? వాళ్ళ గురించి మీ ఊరి లైబ్రరీలో ఇలాగే చెప్పుకుంటారా?"

మిరప తోటల గురించి చెప్పాను. సిమెంటు ఫ్యాక్టరీల గురించి, వేదాద్రి నరసింహస్వామి గురించి, మునేటి ఒడ్డున తిరుపతమ్మ తిరునాళ్ళ గురించి చెప్పాను. మనుషుల దగ్గరికి వచ్చేసరికి నోట మాట రాలేదు. ఆవిడ నా చెయ్యి మీద చెయ్యి వేసి, "తెలుసుకుని మళ్ళీ రా, నాకూ చెబుదువు గాని" అంది. ఇరవై ఏళ్ళ నుంచి ఈ దేశంలో ఉన్నాను. ఇంత పని నాకెవరూ అప్పజెప్పలేదు.

ఆ గ్రంథాలయంలో ఆ పాత కాగితాలన్నీ ఎలా చేరాయో ముందు చెప్పాలి. వివియన్ హార్ష్ అనే ఆవిడ 1909లో చికాగో పబ్లిక్ లైబ్రరీలో చిన్న గుమాస్తాగా చేరింది. 1924లో అక్కడ తొలి నల్లజాతి లైబ్రేరియన్ అయింది. 1932లో నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేటలో జార్జ్ క్లీవ్‌లాండ్ హాల్ శాఖ తెరిస్తే దానికి ఆవిడే అధికారి. తమ వాళ్ళు రాసిన పుస్తకాలు, కరపత్రాలు, ఉత్తరాలు ఊరూరా తిరిగి పోగుచేసింది. పోగుచేసి తాళం వేయలేదు. పుస్తక సమీక్షలు, ఉపన్యాసాలు అంటూ సభలు పెట్టి పేటలో జనాన్ని రప్పించింది. లాంగ్‌స్టన్ హ్యూస్, రిచర్డ్ రైట్, గ్వెండొలిన్ బ్రూక్స్ లాంటి రచయితలు ఆ గదికి వచ్చి మాట్లాడారు. ఆవిడ పోగుచేసిన నిధి 1975లో ఈ వుడ్సన్ గ్రంథాలయానికి చేరింది. దాని పేరు ఇప్పుడు వివియన్ హార్ష్ సేకరణ.

గ్రంథాలయానికి పేరిచ్చిన కార్టర్ వుడ్సన్ చరిత్రకారుడు. తన జాతి చరిత్ర కోసం 1926లో ఒక వారం పండగ మొదలుపెట్టాడు. ఫిబ్రవరి రెండో వారాన్ని ఎంచుకోవడానికి కారణం రెండు పుట్టినరోజులు. ఒకటి బానిసత్వం నుంచి తప్పించుకుని జాతికి గొంతయిన ఫ్రెడరిక్ డగ్లస్‌ది, రెండోది అబ్రహాం లింకన్‌ది. ఆ వారమే తర్వాత మాసమైంది. లింకన్ మా ఇల్లినాయ్ రాష్ట్రం మనిషి. 1860లో ఆయన్ని అధ్యక్ష పదవికి అభ్యర్థిగా ఎంచుకున్న సభ చికాగోలోనే జరిగింది. మా అమ్మాయికి బడిలో ఇచ్చిన పని కూడా లింకన్ మీదే.

ఆ రాత్రి పిల్ల బల్ల దగ్గర కూర్చుని లింకన్ గురించి రాసుకుంటోంది. పక్కన కూర్చుని నేను మా వైపు మనుషుల కోసం వెతకడం మొదలుపెట్టాను. మొదట దొరికిన పేరు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. పేరు తెలుసు, పాఠంలో చదువుకున్నాను. ఆయన 1877 మే 18న మా పెనుగంచిప్రోలులో పుట్టారన్న సంగతి మాత్రం ఆ రాత్రే తెలిసింది. జగ్గయ్యపేటకీ నందిగామకీ నడుమ, నేను పండక్కీ పబ్బానికీ తిరుపతమ్మ మొక్కు తీర్చుకోడానికి వెళ్ళిన ఆ ఊళ్ళోనే పుట్టారాయన. వెళ్ళిన ప్రతిసారీ పొంగళ్ళు పెట్టుకుని తిరిగొచ్చేశాం. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆయన నాగపూరులో చదువుకుని, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి సంస్థానంలో దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టడానికి మూలమైన వాళ్ళలో ఆయన ముఖ్యులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. తెలుగు బడే అరుదైన, సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావలసిన నిజాం రాజ్యంలో తెలుగువాళ్ళు నలుగురు కూర్చుని మాట్లాడుకోడానికి దొరికిన చోటు గ్రంథాలయమే. 1906లో లక్ష్మణరావు గారు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. ఆ పనిలో ఆయనతో ఉన్నవాళ్ళలో ఒకరు అయ్యదేవర కాళేశ్వరరావు గారు. ఆయన మా నందిగామ మనిషి, తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరు.

ఆ మండలి అచ్చువేసిన మొట్టమొదటి పుస్తకం పేరు చూసి చేతిలో ఉన్న ఫోను బల్ల మీద పెట్టేశాను. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. సంవత్సరం 1907. తెలుగువాళ్ళకు చరిత్ర, శాస్త్రం సొంత భాషలో అందించాలని పూనుకున్నవాళ్ళు ముందుగా అందించిన జీవితం, కట్టెలు కొట్టి, అరువు పుస్తకాలు చదువుకుని పైకొచ్చిన లింకన్‌ది. పెనుగంచిప్రోలు మనిషి కూర్చిన మండలి ఇల్లినాయ్ కథను తెలుగు ఇళ్ళకు చేర్చింది. నూరేళ్ళు దాటాక ఇల్లినాయ్‌లో కాపురముంటున్న నాకు పెనుగంచిప్రోలు కథ తెలియలేదు. పిల్లని పిలిచి చెప్పాను. "అమ్మా, అమ్మమ్మ వాళ్ళ ఊరి దగ్గరి ఆయనా?" అని రెండుసార్లు అడిగింది.

ఆ వెతుకులాటలోనే లక్ష్మణరావు గారి అక్కగారు భండారు అచ్చమాంబ దగ్గరికి చేరాను. 1874లో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్ళయి భర్తతో సెంట్రల్ ప్రావిన్సెస్‌కి వెళ్ళిపోయారు. తమ్ముణ్ణి దగ్గరుంచుకుని చదివిస్తూ, అతని పక్కన కూర్చుని తానూ చదువుకున్నారు. చుట్టూ తెలుగు వినపడని చోట ఉండి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు రాశారు. 1902లో ఆమె రాసిన 'ధన త్రయోదశి'ని తెలుగులో తొలి కథ అనేవాళ్ళున్నారు. ఆ ఏడాదే ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఊరూరా తిరిగి ఆడవాళ్ళను కూడగట్టారు. 1905లో, ముప్ఫై ఒకటో ఏటే పోయారు. ప్రవాసంలో ఉండి తెలుగులో రాసే ప్రతి ఆడమనిషికీ ఆమె పెద్దక్క. ఆ అక్కది మా మెట్ట కృష్ణా అని గట్టిగా చెప్పుకోవాలనిపించింది. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ మా నోటికి ఇంకా కృష్ణా జిల్లానే వస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్ళాను. మా ఊరిని బేతవోలు అనేవారు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు తండ్రి జగ్గయ్య పేరు మీద పేట కట్టించారు. ఆ పేటకంటే పదిహేను వందల ఏళ్ళ ముందే అక్కడ ధనబోడు దిబ్బ మీద బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని పరిశోధించాడు. చక్రవర్తి చెయ్యెత్తితే నాణేల వాన కురుస్తున్న మాంధాత శిల్పం అక్కడిదే. ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఆ స్తూపం స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏలుబడి సంవత్సరం నాటి శాసనం ఉంది. వేయించినవాడు సిద్ధార్థుడనే శిల్పి. తన తల్లి, భార్య, కొడుకు, కూతురు, సోదరుడి కుటుంబం అందరి పేర్లూ చెక్కించాడు. రాజు పేరు ఏలుబడి లెక్క చెప్పడానికే వచ్చింది, మిగతాదంతా ఒక పనివాడి ఇంటి ముచ్చట. చికాగోలో ఆ మధ్యాహ్నం "ఆ చివర నిలబడ్డది మా మేనత్త" అన్న గొంతు నాకు ఆ రాతిలో వినిపించింది.

మన గ్రంథాలయాలు పుట్టుకతో మౌనంగా ఉన్నవి కావు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన జరిగిన సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరా తిప్పారు. నవంబరు 14 అంటే పిల్లల పండగ అనే అందరికీ గుర్తు. 1919లో అదే రోజున మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. అందుకే ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. వుడ్సన్ వారం కంటే మన వారానికి మూలం ఏడేళ్ళు ముందుంది. ఊళ్ళో ఇల్లున్న ప్రతివాళ్ళూ ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. అంటే ఊరి గ్రంథాలయం మనందరిదీ.

ఆ వారంలో ఒక్క సాయంత్రం మా ఊళ్ళ మనుషులకు ఇవ్వాలని నా కోరిక. ఈ ఏడు అచ్చమాంబ, వచ్చే ఏడు లక్ష్మణరావు, ఆ తర్వాత కాళేశ్వరరావు. చికాగోలో 2001 నుంచి ఊరంతా కలిసి ఒకే పుస్తకం చదివే అలవాటు ఉంది. నందిగామ, జగ్గయ్యపేట బళ్ళలో పిల్లలంతా ఒకే వారంలో 'ధన త్రయోదశి' చదివితే ఎంత బాగుంటుంది. కథ చిన్నది, ఒక పీరియడులో అయిపోతుంది. మైకు దగ్గర పెద్దల ఉపన్యాసాలు తగ్గించి, పాత ఫొటోలు తెర మీద వేసి, ముందు వరసలో తాతలనీ అమ్మమ్మలనీ కూర్చోబెట్టాలి. ఎవరి బావి ఎక్కడుండేదో, మునేటికి వరదొచ్చిన ఏడు ఎవరు ఎవరిని ఒడ్డుకు చేర్చారో వాళ్ళు చెప్పాలి, కుర్రవాళ్ళు రాసుకోవాలి. ఇంటింటా అటక మీద చెదలు పట్టే శుభలేఖలు, బడి సావనీర్లు, కౌలు కాగితాలు ఒక బీరువాలోకి చేరాలి. ఒక స్కానరు, ఒక ఇనప బీరువా, రాసుకునే రిజిస్టరు. ఊరి ముఖద్వారాలకు మనం ఇక్కడి నుంచి పంపే డబ్బులో ఇదెంత?

మా బాబాయికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. "కాగితాలదేముందమ్మా, ఎవరికి కావాలని?" అన్నాడు ముందు. సిద్ధార్థుడి శాసనం సంగతి చెప్పాక కాసేపు పలకలేదు. మర్నాడు తనే ఫోను చేసి, "తాతగారి ట్రంకుపెట్టె దించాను, నువ్వొచ్చేదాకా ముట్టుకోనులే" అన్నాడు.

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ విగ్రహాలను రెండేళ్ళకోసారి రంగులు వేయించడానికి మా జగ్గయ్యపేటకు తీసుకొస్తారు. చిన్నప్పుడు అరుగు మీద నానమ్మ పక్కన నిలబడి ఆ ఊరేగింపు చూసేదాన్ని. అమ్మవారికి మళ్ళీ రంగులెందుకని అడిగితే నానమ్మ చెప్పిన మాట ఇప్పుడు గుర్తొస్తోంది. "రంగు వెలిస్తే అమ్మవారి మహిమ తగ్గుతుందటే? మన కంటికి ఆనాలని వేస్తారు." లక్ష్మణరావు గారికీ అచ్చమాంబ గారికీ కూడా అంతే. వాళ్ళ పెద్దరికం ఎక్కడికీ పోలేదు, మన కంటికి ఆనడం లేదు. రంగులు వేసే ఊరు మాది.

మార్చిలో మళ్ళీ వుడ్సన్ గ్రంథాలయానికి వెళ్ళాను. ఆ పెద్దావిడ అదే కుర్చీలో ఉంది. మా అమ్మాయే ముందుకెళ్ళి, తను బడి కోసం రాసిన కాగితం ఆవిడ చేతిలో పెట్టింది. పైన లింకన్ బొమ్మ. కింద తన చేతిరాతతో, తెలుగు అక్షరాల్లో ఒక ఊరి పేరు. ఆవిడ దాని మీద వేలు పెట్టి ఎలా పలకాలని అడిగింది. ముగ్గురం కలిసి అన్నాం: పె-ను-గం-చి-ప్రో-లు.

నవంబరు 14కి నేను ఊళ్ళో ఉంటాను.