పొగ ఎవరు చూపించాలి?

"నిప్పు లేనిదే పొగ రాదు" అన్న సామెతంటే నాకు భయం. పెళ్లి సంబంధాల దగ్గర దాని ధాటి మరీ ఎక్కువ. అబ్బాయి తాగుతాడట అని ఎవరో ఒక మాట వదులుతారు. మీకెలా తెలుసని అడిగితే "ఊరికే అంటారా మరి?" అంటారు. ఇంకాస్త గట్టిగా అడిగితే "తాగడని మీరు రాసిస్తారా?" అంటూ మన మీదికే వస్తారు. తాగేవాడి సంగతి ఒక్కసారి కంటపడితే తేలిపోతుంది. తాగనివాడు తాగడని తేల్చాలంటే జీవితాంతం వాడి వెనకాలే తిరగాలి. సులువైన పని తను ఎగ్గొట్టి, ఎవరికీ చేతకాని పని ఎదుటివాడికి అంటగట్టడమే ఇందులోని కిటుకు.

తమాషా ఏమిటంటే, పొగా నిప్పూ మన న్యాయదర్శనం తార్కికుల పాత ఉదాహరణే. కొండ మీద నిప్పుందని అనేసి ఊరుకుంటే వాళ్ల దగ్గర కుదరదు. పొగ కనిపిస్తోందని హేతువు చెప్పాలి, వంటింటిని ఉదాహరణగా చూపాలి, దాన్ని ఈ కొండకు అన్వయించాలి, ఆపైనే తేల్చాలి. ప్రతిజ్ఞ మొదలు నిగమనం దాకా ఐదు మెట్లూ ఎక్కవలసింది ఆ మాట అన్నవాడే. ఆవిరిని చూసి పొగనుకుంటే ఆ అనుమానం, అంటే అలా ఊహించి తేల్చడం, చెల్లదు కూడా. మన పెళ్లిపెద్దలకు కనిపించేది చాలాసార్లు ఆవిరే.

కోర్టులదీ ఇదే దారి. 1872 నాటి సాక్ష్య చట్టంలో 101వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 104వ సెక్షన్ చెప్పేది ఒకటే: ఫలానా సంగతి ఉందని చెప్పి తీర్పు కోరేవాడే దాన్ని రుజువు చేయాలి. మినహాయింపులున్నాయి, అవీ సబబైనవే. ఒక సంగతి ప్రత్యేకంగా ఒకరికే తెలిసేదైతే దాని రుజువు భారం వాళ్లదే. టికెట్ లేకుండా రైలెక్కాడన్న అభియోగం వస్తే, టికెట్ ఉందని చూపాల్సింది ప్రయాణికుడేనని ఆ చట్టమే ఉదాహరణ ఇచ్చింది. లేదని రుజువు చేయడానికి టీసీ అందరి జేబులూ సంచులూ ఎక్కడ వెతుకుతాడు పాపం!

అద్దె ఇల్లు ఖాళీ చేసే రోజున మాత్రం ఈ సెక్షన్లు అక్కరకు రావు. "గోడకు మేకులు మీరే కొట్టారు, కాదని చూపించండి" అంటాడు ఇంటాయన. అడ్వాన్సులో కోత పెట్టేది ఆయనే కాబట్టి చూపాల్సిందీ ఆయనే. "మేం దిగిన రోజు గోడ ఎలా ఉందో ఫోటో ఉందాండీ?" అని అడగొచ్చు, అడగాలి కూడా. కానీ అడ్వాన్సు ఆయన చేతిలో ఉంది. అందుకే దిగిన రోజే గోడలన్నీ ఫోన్‌లో వీడియో తీసి, ఆయనకే వాట్సాప్‌లో పంపేయడం మంచిది.

చుట్టాలతో ఇంకో చిక్కు. "ఈ కషాయంతో షుగర్ పూర్తిగా పోతుంది, పోదని ఏ డాక్టరైనా రుజువు చేశాడా?" అని మావయ్య అంటే, తొందరపడి "పోదు" అనకూడదు. అన్నామా, ఆ మాటకు రుజువు మనమే వెతుక్కోవాలి. నమ్మడానికి ఆధారం కావాలనడం వేరు, అబద్ధమనడం వేరు. మెల్లగా ప్రశ్న వేస్తే సరిపోతుంది.

"ఎవరికి పోయింది మావయ్యా?"

"మా వియ్యంకుడికిరా. ఇప్పుడు నార్మల్."

"అయితే టాబ్లెట్లు ఆపేశారా?"

"అవెలా ఆపుతాడ్రా, వేసుకుంటూనే తాగుతాడు."