పెళ్లి కార్డు రాలేదని అడిగినవారందరికీ



మా అమ్మాయి పెళ్లి అయిపోయిందట కదా, ఒక్క కార్డు కూడా పంపలేదేం అని ఈ రెండు నెలల్లో చాలామంది అడిగారు. కొందరు మమ్మల్నే అడిగారు. కొందరు మా పాలవాడిని అడిగారట. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కన్నా అందరికీ కలిపి ఇక్కడే రాయడం మంచిదనిపించింది. కాస్త పొడుగ్గా ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

మీ కోపం న్యాయమైనదే. ముప్పై ఏళ్లుగా బరంపురంలో మన తెలుగువాళ్ల ఇంట ఏ పెళ్లి జరిగినా మేమిద్దరం ఉన్నాం. రాట వేసిన రోజు వెళ్లాం, పంక్తిలో వడ్డించాం, చదివింపుల పుస్తకం పట్టుకుని అర్ధరాత్రి దాకా కూర్చున్నాం. మా పిల్ల పెళ్లికి పిలవాల్సినవాళ్ల జాబితా ఒకటి బీరువాలో ఉంది. పిల్ల ఇంటర్ చదివేటప్పుడు మొదలుపెట్టాం. ఎవరైనా కొత్త ఇంటికి మారితే చిరునామా కొట్టేసి మళ్లీ రాసేవాళ్లం. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

పోయిన ఏడాది దీపావళి తర్వాత ఒక ఆదివారం అమ్మాయి డెన్వర్ నుంచి ఫోన్ చేసింది. అబ్బాయి సంగతి మాకు ముందే తెలుసు. కటకం పిల్లవాడు, ఒడియా కుటుంబం, అక్కడే ఉద్యోగం. రెండు ఇళ్లవాళ్లం మాట్లాడుకున్నాం, ఎవరికీ అభ్యంతరం లేదు. ఇక ముహూర్తం సంగతే అనుకుంటుండగా "నాన్నా, అమ్మా, మేము ఎలోప్ అవుదామనుకుంటున్నాం" అంది.

మన భాషలో ఆ మాటకు ఒకటే అర్థం. లేచిపోవడం. తల్లిదండ్రులకు ఫోన్ చేసి, నెల చెప్పి, మీరూ రండి అని పిలిచి లేచిపోయేవాళ్లను మేమెప్పుడూ చూడలేదు. అమ్మాయి నవ్వి విడమరిచి చెప్పింది. అక్కడ ఇప్పుడు ఆ మాటకు అర్థం మారిపోయిందట. పెద్ద పెళ్లి, హాలు, వందలమంది లేకుండా, కావలసిన కొద్దిమందితో నచ్చిన చోట చేసుకునే పెళ్లిని కూడా అలాగే అంటారట. వాళ్లకు నచ్చిన చోటు రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్. సెలవు దొరికితే చాలు ఇద్దరూ ఆ కొండల్లోనే నడుస్తారు. అక్కడే ఒకరికొకరు తెలిశారు. తెలుగు పద్ధతా, ఒడియా పద్ధతా, కటకంలోనా, బరంపురంలోనా అన్న పంచాయతీ పెద్దలకు పెట్టడం ఇష్టం లేదంది.

మేము వెంటనే ఏమీ అనలేకపోయాం. జాబితా గుర్తొచ్చి కాదు. ఆ మాట మా ఇంట్లో ఒకసారి జరిగింది కాబట్టి.

మీలో యాభై దాటినవాళ్లకు తెలుసు. 1987లో మా ఇంటి ఆడపడుచు ఒక ఒడియా అబ్బాయితో వెళ్లిపోయింది. రిజిస్టరు పెళ్లి చేసుకుందామంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు, ముగ్గురు సాక్షులు కావాలి. ఈ ఊళ్లో ఆ కాగితం మా ఇంటికి చేరడానికి ముప్పై నిమిషాలు చాలు. అందుకని తారాతారిణి కొండెక్కి, అమ్మవారి దగ్గర దండలు మార్చుకున్నారు. ఆ రోజు నుంచి మా నాన్నగారి ముందు ఆ పేరు ఎత్తడానికి లేదు. ఇంట్లో ఫోటోలు తీసేశారు. సంఘంలోనూ అంతే. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు, ఎవరూ పిలవలేదు.

ఇదంతా పెద్దవాళ్ల పంతమని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ 2009లో నాన్నగారు పోయినప్పుడు ఆమె వచ్చింది. గేటు దగ్గర, కొబ్బరిచెట్టు కింద, ఎండలో నిలబడింది. మేమిద్దరం చూశాం. అప్పటికి ఇంటికి పెద్దలం మేమే. లోపలికి రా అనలేదు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఎవరో ఒకరు పిలుస్తారులే అనుకున్నాం. పాడె లేచాక చూస్తే ఆమె లేదు.

అమ్మాయికి అప్పుడు పదమూడేళ్లు. కిటికీలోంచి చూసిందట. మాకు ఆ సంగతి ఈ ఫోన్‌లోనే తెలిసింది. "మీరు నా పెళ్లికి రావాలి. కానీ అంతకు ముందు అత్తని పిలవాలి. నేను చేసేదీ ఆవిడ చేసిందీ ఒకటే కదా" అంది.

ఒకటే. అబ్బాయి ఒడియావాడు, కొండ మీద పెళ్లి, ఊరంతా లేకుండా. మా పిల్లను మాత్రం ఒక్కరూ తప్పు పట్టలేదు, కాలం మారిందన్నారు. కాలం మారకముందు చేసుకోవడం ఒక్కటే ఆవిడ చేసిన తప్పు.

సరే అనడానికి మాకు మూడు వారాలు పట్టింది. అబద్ధం చెప్పడమెందుకు, ఆ మూడు వారాల్లో మొదటి రెండు మీరంతా ఏమనుకుంటారోనని ఆలోచించాం.

ఇక పెళ్లి ఏర్పాట్ల సంగతి. మన సంఘంలో చాలామంది పిల్లలు అక్కడే ఉన్నారు, రేపు మీకూ ఇలాంటి ఫోన్ రావచ్చు, అందుకని వివరంగా రాస్తున్నాం.

కొండల్లోకి వెళ్లి దండలు మార్చుకోవడమే కదా అనుకున్నాం. కాదు. ఆ పార్కులో ఇద్దరే నిలబడి చేసుకున్నా సరే, పెళ్లికి ముందుగా అనుమతి తీసుకోవాలి. వాళ్లు కట్టింది 300 డాలర్లు. ఎక్కడ పడితే అక్కడ కుదరదు, పార్కువాళ్లు కేటాయించిన చోట్లు కొన్ని ఉన్నాయి, నెలకు ఇన్నని అనుమతులు ఇస్తారు. మావాళ్లు స్ప్రేగ్ లేక్ ఎంచుకున్నారు, పెద్దవాళ్లు నడవడానికి వీలుగా చదునుగా ఉంటుందని. అది దేవుడిచ్చిన సరస్సు కాదు, అబ్నర్ స్ప్రేగ్ అనే ఆయన తన లాడ్జికి వచ్చినవాళ్లు చేపలు పట్టుకోవడానికి వీలుగా చేసిన చెరువు. చెరువు అని తెలిశాక మాకు కాస్త ఊరటగా అనిపించింది.

పెళ్లి లైసెన్సు వేరే. కొలరాడోలో ఏ కౌంటీ క్లర్కు దగ్గరైనా తీసుకోవచ్చు. వీళ్లకు 30 డాలర్లు అయింది. తీసుకున్న 35 రోజుల్లోపు పెళ్లి చేసుకోవాలి, తర్వాత సంతకాలు పెట్టి 63 రోజుల్లోపు తిరిగి పంపాలి. ఆ రాష్ట్రంలో పురోహితుడు గానీ సాక్షులు గానీ తప్పనిసరి కాదు. వధూవరులు తమ పెళ్లి తామే జరిపించుకుని సంతకం చేస్తే చాలు, చట్టం ఒప్పుకుంటుంది. ఇది విన్నప్పుడు మాకు 1987 నాటి నోటీసు బోర్డు గుర్తొచ్చింది. ఇక్కడ మన పాస్‌పోర్టులో భర్త పేరు ఎక్కించాలన్నా, ఇంకే పనికైనా, ఆ సర్టిఫికెట్ ధ్రువీకరించిన ప్రతి మీద ఆ రాష్ట్రం చేత అపోస్టిల్ వేయించుకోవాలి. ఆ పని మరచిపోకండి.

ముహూర్తం దగ్గర చిక్కొచ్చింది. సెప్టెంబరు చివర ఆస్పెన్ చెట్ల ఆకులు బంగారంలా పండుతాయి, అప్పుడే కావాలని అమ్మాయి కోరిక. మా అమ్మగారికి ఎనభై ఆరేళ్లు. "కొండ మీద చేసుకోనీ, అడవిలో చేసుకోనీ, భాద్రపదంలో మాత్రం వద్దు, శూన్యమాసం" అన్నారు. అందుకని శ్రావణానికి జరిపాం. శ్రావణమంటే అక్కడ ఆగస్టు, ఆ కొండల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములు, మెరుపులు, వాన. కాబట్టి పొద్దున్నే ఏడింటికి. అనుకోకుండా అదే మంచి ముహూర్తం కూడా అయింది.

తర్వాత నియమాలు. వేదిక కట్టకూడదు. హోమం చేయకూడదు, నిప్పు ఎక్కడ పడితే అక్కడ వెలిగించనివ్వరు. మైకు, మేళం లేవు. డ్రోను ఎగరేయకూడదు. పువ్వు కోయకూడదు. పూలరేకులు, గింజలు, బియ్యం, ఏదీ చల్లకూడదు, అడవి జంతువులకు మంచిది కాదని. అంటే అక్షింతలు లేవు. తలంబ్రాలు లేవు.

మిగతావన్నీ సరే గానీ అక్షింతలు లేకుండా పెళ్లేమిటి? పోనీ తర్వాత బసలో వేద్దామని ఇక్కణ్ణుంచి కలిపి తీసుకెళ్దామంటే మన దేశం నుంచి ప్రయాణికులు బియ్యం తేవడానికి అమెరికా ఒప్పుకోదు. ధాన్యం తినే ఖాప్రా పురుగు వస్తుందని వాళ్ల భయం. చివరికి అమ్మగారే దారి చెప్పారు. "బియ్యం అక్కడివి కొనండి. పసుపు మనింటిది పట్టుకెళ్లండి. నా చెయ్యి పసుపులో ఉంటుంది."

ఆ పసుపు దంచడానికి ముందు మేము భంజనగరం వెళ్లాం.

బరంపురం నుంచి భంజనగరం రెండు గంటల దారి. 37 ఏళ్లలో మేము ఆ రెండు గంటలు వెళ్లలేకపోయాం. తలుపు బావగారు తీశారు. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. "రండి, లోపలికి రండి" అని తెలుగులోనే అన్నారు. ఆమె లోపలికి వెళ్లి ముందు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకున్నాం. ఆ గ్లాసులు చేతిలో పట్టుకున్నాక ఒక్కటీ రాలేదు. మాలో ఒకరు ఏడ్చారు, ఎవరో రాయం. ఆమె మాత్రం ఏమీ తవ్వలేదు. అమ్మాయి గురించి అడిగింది. "మేనత్తని, నేనేం పెట్టాలి?" అంది. తర్వాత కాస్త ఆగి, "అమ్మ నన్ను గుర్తుపడుతుందా?" అంది.

వారం తర్వాత ఇద్దరూ ఇంటికొచ్చారు. అమ్మగారికి చూపు బాగా తగ్గింది. ఆమె దగ్గరకెళ్లి కూర్చుంటే చెయ్యి తడిమి చూశారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పసుపుకొమ్ములు ఎండి ఉన్నాయి. రోకలి నువ్వే పట్టు, దీనికి చేతకాదు" అన్నారు. 'ఇది' అంటే ఇంటి కోడలు, ఈ రాస్తున్న ఇద్దరిలో ఒకరు. నిజంగానే చేతకాదు.

పెళ్లి రోజున మేము ఎనిమిదిమందిమి. పిల్లలిద్దరు, రెండు వైపుల తల్లిదండ్రులు, అబ్బాయి చెల్లెలు, ఫోటోలు తీసిన స్నేహితుడు. అంతకు ముందు రెండు రోజులు డెన్వర్‌లో ఉండి ఎత్తుకు అలవాటు పడ్డాం. పెద్దవాళ్లు ఎవరైనా వెళ్తే ఇది తప్పకుండా చేయండి. డెన్వరే 5,280 అడుగుల ఎత్తు, ఆ చెరువు దాదాపు 8,700 అడుగులు. నాలుగు అడుగులు గబగబా వేస్తే ఊపిరి అందదు. శ్రావణమాసంలో స్వెట్టర్లు వేసుకున్నాం.

అమ్మాయి మేనత్త పెట్టిన బరంపురం పట్టుచీర కట్టింది. అబ్బాయి మన జోడు వేసుకున్నాడు. ఎదురుగా హాలెట్ శిఖరం నీళ్లలో తలకిందులుగా కనబడుతోంది. మంత్రాలు లేవు. జీలకర్రా బెల్లం తలల మీద పెట్టుకున్నారు, ఒక్క గింజ కింద పడకుండా అబ్బాయి తల్లి కొంగు పట్టారు. మంగళసూత్రం కట్టాడు. కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టారు. పదిహేను నిమిషాలు. అంత చిన్న పెళ్లిలో ఏడవడానికి కూడా టైము ఉండదనుకున్నాం. ఉంది.

అక్కడ ఫోన్ సిగ్నల్ సరిగా లేదు. ఎస్టెస్ పార్క్‌లో తీసుకున్న ఇంటికి వచ్చి తొమ్మిదిన్నరకు వీడియో కలిపాం. ఇక్కడ రాత్రి తొమ్మిది. బరంపురంలో మా హాల్లో అమ్మగారు, పక్కన కూతురు, అల్లుడు. అక్కడ నేల మీద దుప్పటి పరిచి, పిల్లల్ని కూర్చోబెట్టి, తలంబ్రాలు పోయించాం. పసుపు వాసన ఇల్లంతా మా ఇంటిలాగే వచ్చింది. ఫోన్ అవతల అమ్మగారు, కూతురు కూడా అక్షింతలు వేశారు. అవి ఫోన్ మీద పడి టపటపమని చప్పుడు మాకు వినిపించింది.

ఇదీ సంగతి. మిమ్మల్ని తక్కువ చేసి పిలవకుండా ఉన్నది కాదు. ఆ పెళ్లిలో స్థలం ఎనిమిదిమందికే ఉంది. అయితే మీ చదివింపులు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, మేము రాసుకున్న పుస్తకంలో బాకీలన్నీ కొట్టేశాం.

ఒక్కటి అడుగుతాం. వచ్చే ఉగాది సభకు మా ఇంటి నుంచి అయిదుగురం వస్తాం. మేమిద్దరం, అమ్మగారు, భంజనగరం నుంచి ఆడపడుచు, బావగారు. బావగారికి తెలుగు బాగా వచ్చు, పంచాంగ శ్రవణం అర్థమవుతుంది. ముందు వరుసలో కుర్చీలు ఉంచండి. ఎవరైనా ఎదురొచ్చి వాళ్లను లోపలికి రమ్మనండి. ఎవరో ఒకరు పిలుస్తారులే అని అనుకోకండి.