కొండవాలు ఆసుపత్రి, సముద్రపు గాలి

విశాఖపట్నం వెళ్ళినవారు డాల్ఫిన్ నోసు చూస్తారు, కైలాసగిరి ఎక్కుతారు, సింహాచలం వెళ్ళి అప్పన్నను సేవించుకుంటారు. ఆసుపత్రి కూడా చూసి రండి అంటే నవ్వుతారు. మొన్న వేసవిలో నేను ఆ పనే చేశాను.

కింగ్ జార్జి ఆసుపత్రి అన్నది కాగితాల మీది పేరు. ఆటోవాడికైనా, డాక్టరుగారికైనా అది కె.జి.హెచ్. కొండవాలున ఉంది కనుక బస్సులాగే చోట్లు కూడా రెండు: కె.జి.హెచ్. అప్, కె.జి.హెచ్. డౌన్. 1923లో దీన్ని ప్రారంభించారు. వైద్య కళాశాల కూడా ఆ ఏడే వెలిసింది. ఆ కాలంలో ఏర్‌కండిషను ఎక్కడిది? కట్టేవారు గాలికీ వెలుతురుకీ గోడల్లోనే దారి పెట్టేవారు. ఎత్తైన కప్పులు, ఎండను ఆపే వరండాలు, ఎదురెదురు కిటికీలు. ఇదంతా పొదుపు కోసం చేసింది కాదు, రోగి కోసం. క్షయలాంటి గాలిలో తిరిగే జబ్బులకు తెరిచిన కిటికీ మంచి మందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2009లో చెప్పింది.

మా మేనత్తగారిని చేర్చింది మాత్రం అద్దాల మేడలాంటి ఒక కొత్త ఆసుపత్రిలో. బయట చెమటలు కక్కే ఉక్క. లోపల ఆవిడ రెండు శాలువాలు కప్పుకుని వణుకుతోంది.

"ఒరే, ఆ కిటికీ కాస్త తియ్యరా."

"అది తెరుచుకునేది కాదత్తయ్యా."

ఎండను అద్దంలోంచి లోపలికి రానివ్వడం, వచ్చిన వేడిని యంత్రంతో బయటికి తోలడం! ఆ యంత్రానికి తిండి ఎక్కడిది? పరవాడ దగ్గర సింహాద్రి కేంద్రం 2,000 మెగావాట్లది. ఒడిశా బొగ్గు తింటుంది. బొగ్గుతో పుట్టే ఒక్కొక్క యూనిట్‌కీ సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు ఆకాశానికి ఎక్కుతుంది.

ఆపరేషను గదికీ, రక్తనిధికీ చల్లదనం కావలసిందే. అక్కడ పిసినారితనం పనికిరాదు. కాని వసారాకు ఎందుకు? ఆఫీసు గదికి 24 డిగ్రీలు చాలవా? ఒక్క డిగ్రీ పెంచితే ఆ ఖర్చులో నూటికి ఆరు వంతులు తగ్గుతుందని కేంద్రంవారి ఇంధన పొదుపు సంస్థ లెక్క. పాత పంకా 75 వాట్లు తాగితే, కొత్తరకం 30తో తిరుగుతుంది. వెయ్యి పంకాలున్నచోట రోజుకు వెయ్యి యూనిట్లకు పైగా మిగులు, అంటే దాదాపు ఒక టన్ను వాయువు.

ఇదంతా బిల్లుల గొడవే అనుకునేవారికి 2014 అక్టోబరు 12 గుర్తు చేస్తాను. హుద్‌హుద్ తుపాను సరిగ్గా విశాఖ మీదే తీరం దాటింది. స్తంభాలు నేలకూలాయి, ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటప్పుడు ఆసుపత్రికి దిక్కు డీజిలు జనరేటరు. పీపాలో ఉన్న నూనె ఎంతసేపు వస్తుందన్నది పీపాను బట్టే కాదు, పైన ఎన్ని యంత్రాలు తిరుగుతున్నాయన్నదాన్ని బట్టి కూడా. సగం కరెంటుతో గడిచే ఆసుపత్రిలో ఊపిరియంత్రం చాలా ఎక్కువ కాలం నడుస్తుంది. పైగా కిటికీలు తెరుచుకునే వార్డులో రోగి కరెంటు లేకపోయినా ఉడికిపోడు.

ఈ మాటే మరో చిన్న ఆసుపత్రిలో ఒక ఆయాతో అన్నాను. ఆవిడ చీపురు ఆపి, "గాలి బాగానే వస్తాది బాబూ, దోమలు కూడా వస్తాయి కదా! వల కొట్టించమనండి, కిటికీలు మేమే తీస్తాం" అంది.